ఒక్క మొహానికి కెమెరా

కృష్ణకుమారి పోయిన పదకొండో రోజున వాళ్ళ ఊళ్ళో టెంటు కింద కుర్చీలో పెట్టిన పటం చూడగానే నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆ పటంలో ఉన్నది కృష్ణకుమారి కాదు. చిన్నప్పుడు అమ్మవారు పోసి బుగ్గల మీద మిగిల్చిన గుంటలు లేవు. నవ్వితే అందరికంటే ముందు బయటికొచ్చే వంకరపన్ను లేదు. యాభై ఆరేళ్ళ మనిషిని ఇరవై ఆరేళ్ళ బొమ్మను చేసి కూర్చోబెట్టారు.

"ఇదెవరు మహిపాల్?" అని వాళ్ళ అన్న కొడుకుని అడిగాను.

"అత్తమ్మనే మేడమ్. నా ఫోన్ల సెల్ఫీ ఒకటుండె. దాన్నే పెద్దగ చేపిచ్చిన. మస్తు మంచిగొచ్చింది గద?"

వచ్చినవాళ్ళందరూ మంచిగొచ్చిందనే అన్నారు. ఫోటో తీసేటప్పుడే ఫోను తనంత తను మచ్చలన్నీ తుడిచేసిందట, పెద్దది చేసినవాడు మిగిలినవి తుడిచాడట. చావు ఇంట్లో గొడవెందుకని ఊరుకున్నాను గానీ, దండం పెట్టడానికి చేతులు లేవలేదు. ఎవరో తెలియని పిల్లకి దండం ఎలా పెట్టను?

ఇరవై రెండేళ్ళు ఎల్‌బీ నగర్‌లో ఒకే అంతస్తులో ఎదురెదురు వాటాల్లో ఉన్నాం మేమిద్దరం. చైతన్యపురిలో డాక్టరు కోర్సు కోచింగ్ పిల్లలకి నేను బోటనీ చెప్పేదాన్ని. ఆవిడ అక్కడే ఆఫీసు కౌంటర్లో పనిచేసేది. నేను పెళ్ళి చేసుకోలేదు. ఆవిడ చేసుకుని, రెండేళ్ళకే ఆ సంసారానికో దండం పెట్టి వచ్చేసింది. పొద్దున్నే నా ఇంట్లో కాఫీ, సాయంత్రం ఆవిడింట్లో చాయ్. ఇన్నేళ్ళలో ఆవిడకి నేను ఒక్క ఫోటో తియ్యలేదు. మనిషి ఎదురుగా ఉండగా ఫోటో ఎందుకనుకున్నాను. నా అంత తెలివిగలది ఇంకొకతి ఉండదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఇంకో సంగతి తట్టింది. ఆవిడకి అన్న కొడుకైనా ఉన్నాడు. నాకెవరున్నారు? రేపల్లెలో పిన్ని కూతురు బిందుమాధవి. ఏడాదికోసారి ఫోన్ చేసి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, జవాబు పూర్తిగా వినకుండానే పెట్టేస్తుంది. నేను పోతే పటం కట్టించాల్సింది అదే. దాని దగ్గరున్న నా ఫోటో ఒక్కటే, ఎప్పుడో దేనికో పంపిన ఆధార్ కార్డు జిరాక్సు. అందులో నేను పోలీసులు వెతుకుతున్న మనిషిలా ఉంటాను.

అప్పుడే నిర్ణయించుకున్నాను. నా తర్వాత గోడకెక్కే మొహం నాదే అయ్యుండాలి. అందులో నా ముడతలుండాలి, నా మచ్చలుండాలి. అది చూసిన వాళ్ళకి, ఇలాంటి మనిషొకతి ఈ ఊళ్ళో బతికిందని తెలియాలి. అంతకు మించి నాకే కోరికా లేదు. కానీ ఈ కోరిక మాత్రం పంతంలా పట్టుకుంది.

ముందు మెట్రో స్టేషన్ దగ్గరున్న స్టూడియోకి వెళ్ళాను. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అరగంట తర్వాత నీలం తెర ముందు సున్నం కొట్టిన మొహం ఒకటి నా చేతిలో పెట్టాడు స్టూడియో ఆయన. "జర తెల్లగ చేసిన మేడమ్, ఫ్రీగనే. మెడ కాడ గీతలు గుడ తీసేసిన" అన్నాడు సంతోషంగా. ఆ గీతలు సంపాదించడానికి నాకు అరవై ఏళ్ళు పట్టిందయ్యా అని కసిరి బయటికొచ్చాను. నా ఫోన్లో ప్రయత్నిస్తే అదీ అంతే. ఏ బటన్ నొక్కినా నా మీద జాలిపడటం మానలేదది.

కాబట్టి కెమెరా కొనాలి. జాలి లేని కెమెరా.

దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో వెనక సందులో చక్రపాణి గారి షాపుందని పాత విద్యార్థి ఒకామె చెప్పింది. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్. మెట్లు దిగి ఆ బట్టల షాపుల జనంలోంచి, "రండక్కా, చూడక్కా" అనే కేకల్లోంచి బయటపడేసరికి నా ఊపిరితిత్తులు మొరాయించాయి. ముప్ఫై ఏళ్ళ సుద్దపొడి నా ఛాతీలోనే ఉంది. అందుకే మాస్కు లేకుండా గడప దాటను.

చక్రపాణి గారిది గుడివాడ వైపట. డెబ్బై దగ్గర్లో ఉంటారు. అద్దాల బీరువాల మధ్య ఒక్కరే కూర్చుని ఏదో లెన్సు తుడుచుకుంటున్నారు.

"చిన్న కెమెరా కావాలండీ. చేతిలో ఇమిడేది. కానీ ఫోటో మాత్రం ఉన్నదున్నట్టు రావాలి" అన్నాను.

"ఏం తీస్తారు మేడమ్?"

ఈ ప్రశ్న వస్తుందని నేను ముందుగా అనుకోలేదు. కూరగాయల కొట్లో ఏం వండుతారని అడగరుగా!

"అదెందుకండీ?"

"అది తెలిస్తేగానీ ఏదివ్వాలో తెలీదమ్మా. పిట్టల్ని తీసేవాళ్ళకొకటి, ఊళ్ళు తిరిగేవాళ్ళకొకటి. మనవల్ని తీస్తారా? వాళ్ళు ఒకచోట నిలబడరు, దానికి వేరేది."

"పూలు తీస్తాను" అన్నాను. బోటనీ లెక్చరర్‌ని కదా, నోటికి ముందు అదే వచ్చింది.

ఆయన పూలు తియ్యడం గురించి పది నిమిషాలు చెప్పారు. నేను బుద్ధిగా విన్నాను. తర్వాత గల్లా మీద గుడ్డ పరిచి మూడు కెమెరాలు వరసగా పెట్టారు. మొదటిది లావుగా, ముక్కు పొడుగ్గా ఉంది. యాభై రెట్లు దగ్గరికి లాగుతుందట, చంద్రుడి మీద గుంటలు కూడా కనిపిస్తాయట. రెండోది సన్నంగా, కొత్తగా మెరుస్తోంది. దాని తెర ముందు వైపుకి తిరుగుతుంది. మూడోది నల్లగా, మూలలు అరిగి, ఎవరో వాడి అమ్మేసింది.

"దీనికి ఎన్ని మెగాపిక్సెళ్ళు?" అన్నాను, అందరూ అదే అడుగుతారని విని.

"మెగాపిక్సెళ్ళతో ఏముందమ్మా! లోపల సెన్సర్ ఎంతుందో చూడాలి. వెలుతురు పడే పలక అది. ఈ పొడుగు ముక్కుదానికి చిటికెనవేలి గోరులో సగం. ఈ రెండింటికీ బొటనవేలి గోరంత. చిన్న పలక మీద ఎన్ని చుక్కలు ఇరికించినా ఏం లాభం, ఇరుకింట్లో చుట్టాల్లాగా!"

అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. పెద్దగా కనిపించడం వేరు, విడివిడిగా కనిపించడం వేరు. మైక్రోస్కోపు పాఠంలో ఈ ముక్క ముప్ఫై ఏళ్ళు అరిచి చెప్పాను, ఏటా పరీక్షలో సగం మంది తప్పే రాశారు. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన లెన్సు తుడిచే గుడ్డ పక్కన పెట్టేసి నవ్వారు. నెల రోజుల తర్వాత ఒక మనిషితో నాలుగు మాటలు సరిగ్గా మాట్లాడింది అప్పుడే. ఇంకాసేపు సాగితే బాగుండుననిపించింది, అందుకని తెలిసిన సంగతులు కూడా అడిగాను.

పరీక్ష పెట్టాలి కదా. నా ఎడమ చెయ్యి గల్లా మీద పెట్టి, మూడింటితోనూ తియ్యమన్నాను. కంప్యూటర్లో పెద్దవి చేసి చూపించారు. పొడుగు ముక్కుదాంట్లో నా చెయ్యి ఉడకేసిన చేమదుంపలా ఉంది. రెండోదాంట్లో పట్టులా ఉంది. అది ఫోను బుద్ధే, చర్మం కనిపిస్తే చాలు నునుపు చేసేస్తుంది, మెనూలోకి వెళ్ళి ఆపుకోవాలట. మూడోదాంట్లో నా చెయ్యి నా చెయ్యిలా ఉంది. నరాలు, వయసు మచ్చలు, చూపుడువేలి మీద సుద్ద పట్టీ పట్టీ కట్టిన కాయ, అన్నీ ఉన్నాయి. ఎండిన ఆకు మీద ఈనెల్లా చర్మం గీతలు విడివిడిగా కనిపించాయి. నా చెయ్యి ఇంత ముసలిదైందా అని బాధ కలగాలి. కలగలేదు. ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచినట్టనిపించింది.

"పూలకైతే మూడోది చాలు" అన్నారాయన. మళ్ళీ నా మొహం వంక చూసి, "నిజంగా పూలేనా మేడమ్?" అన్నారు.

"మనుషుల్ని కూడా."

"ఎంతమందిని?"

"ఒక్కర్నే" అన్నాను.

ఆయన రెండోది నా ముందుకి జరిపారు. "మిమ్మల్ని మీరు తీసుకోవడానికైతే రెండోది నయమమ్మా. తెర ముందుకి తిరుగుతుంది, ఎక్కడున్నారో మీకే కనబడుతుంది. నునుపు చేసేది నేను ఆపేసి ఇస్తాను."

ఇక్కడ నా రోషం అడ్డొచ్చింది. "నన్ను నేను తీసుకోవడమేంటండీ? తీసేవాళ్ళు లేకనా?" అన్నాను కాస్త గట్టిగానే. నాకెవరూ లేరన్న సంగతి కెమెరా అమ్మేవాళ్ళకి కూడా తెలిసిపోవడం నచ్చలేదు. మూడోదే తీసుకుని మాస్కు సర్దుకుని బయటపడ్డాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం నేను. దాని ఫలితం మర్నాడే అనుభవించాను.

పొద్దున తొమ్మిదింటికి మా బాల్కనీలోకి మంచి వెలుతురొస్తుంది. వాషింగ్ మెషీన్ మీద మూడు గైడ్లు పేర్చి, వాటి మీద కెమెరా పెట్టి, టైమరు పది సెకన్లకి తిప్పాను. ఎర్ర దీపం మిణుక్కుమంటుంటే ఇటునుంచి అటు పరుగెత్తి కుర్చీలో కూలబడాలి. నా మోకాళ్ళకి పది సెకన్లు చాలవు. మొదటి ఫోటోలో కుర్చీ ఒక్కటే ఉంది. రెండోదాంట్లో నా నడుము ఉంది. తెర వెనకవైపుంది కాబట్టి ప్రతిసారీ లేచి వెళ్ళి చూసుకోవాలి. చక్రపాణి గారి మాట వింటే నా సొమ్మేం పోయేదని పదిసార్లు తిట్టుకున్నాను.

నాలుగు రోజుల్లో నలభైకి పైగా తీశాను. మొహం మధ్యలో పడటం నేర్చుకున్నాను. వెలుతురు పడి మెరుస్తున్నాయని కళ్ళద్దాలు తీసేశాను. ఫోటో నాణ్యతకి వంక పెట్టడానికి లేదు, కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. కానీ అన్నింట్లోనూ ఒకటే మొహం, కాపీ కొడుతున్న పిల్లని పట్టుకున్నప్పటి మొహం. ఎదురుగా ఉన్నది ఒక ఎర్ర దీపం. దాన్ని చూసి ఇంకెలా పెట్టను మొహం?

కింది వాటాలో సింధు అని కొత్తగా పెళ్ళయిన అమ్మాయి ఉంది. పిలిస్తే వచ్చి తీసేదే. ఎందుకాంటీ అని అడుగుతుంది కదా, ఏం చెప్పను? పోయాక పెట్టుకోవడానికి అంటే ఆ పిల్ల హడలిపోతుంది. బతికుండగా ఒంటి పటం కట్టించుకోకూడదని మా అమ్మే అనేది. నిజం చెప్పాలంటే అదీ కాదు కారణం. అడగడం నాకు చేతకాదు. ఎదురింటి తలుపు ఒక్కటే నేను ఇన్నేళ్ళూ అడక్కుండా తోసుకుని వెళ్ళిన తలుపు. దానికిప్పుడు తాళం వేసి, టు-లెట్ బోర్డు కట్టారు.

అయిదో రోజు కుర్చీలో కూలబడి, ఆయాసపడుతూ ఎర్ర దీపం వంక చూస్తుంటే, కృష్ణకుమారి ఉంటే ఏమనేదో ఉన్నట్టుండి వినిపించింది. "ఏందక్కా, కొలువుకు దరఖాస్తు పెడుతున్నవా ఏంది? గా మూతి జర వదులు చెయ్." ఆవిడ గొంతు, ఆవిడ యాస. ఎన్నిసార్లందో ఇలాంటి మాటలు! నవ్వొచ్చింది. అప్పుడే కెమెరా టక్కుమంది.

వెళ్ళి చూసుకున్నాను. మొహమంతా ముడతలు పడి, కళ్ళు చిన్నవై, పెదాలు విచ్చుకుని నవ్వుతోంది ఒకామె. నేనెప్పుడూ అద్దంలో చూడని నన్ను కృష్ణకుమారి ఇరవై రెండేళ్ళు చూసింది. వాషింగ్ మెషీన్ పట్టుకుని అక్కడే నిలబడి చాలాసేపు చూశాను.

కెమెరాలోని కార్డు తీసుకుని చక్రపాణి గారి దగ్గరికెళితే ఆయన పెద్ద ప్రింటు తీసి, అలాగే చేత్తో పట్టుకుని చూశారు. "అబ్బ, భలే వచ్చిందమ్మా. తీసినవాళ్ళు మిమ్మల్ని బాగా ఎరిగినవాళ్ళే. ఎవరండీ?"

"ఫ్రెండు" అన్నాను. అబద్ధమని అనిపించలేదు.

ఆయన ఫ్రేములు కట్టరు. చంపాపేట్ మెయిన్ రోడ్డు మీద సీతారాములు అని ఒకాయన చేత్తో పటాలు కడతాడని చెబితే అక్కడికి ఆటోలో వెళ్ళాను. రోడ్డంతా దుమ్ము, మాస్కు తీసే ధైర్యం లేదు. షాపులో గోడలనిండా దేవుళ్ళు. సీతారాములు కవరులోంచి ప్రింటు తీసి చూసి, గొంతు తగ్గించాడు.

"ఒక్కలదేనా అమ్మా?"

"ఒక్కరిదే. చెక్క గట్టిది వెయ్యండి, అద్దం మంచిది. తొందరేం లేదు."

"అట్లెట్లమ్మా. ఐతారం కల్ల ఇస్త. మీరు పరేషాన్ కాకున్రి, అన్ని మంచిగ చేసి పెడత" అన్నాడు. షాపువాళ్ళు ఇంత మెత్తగా మాట్లాడటం నాకు కొత్త. మంచి మర్యాదస్తుడనుకున్నాను.

ఆదివారం పొద్దున వెళ్ళాను. సీతారాములు బయటికెళ్ళాడట, ఆయన భార్య అండాలమ్మ ఉంది. మాస్కు తీసి, కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని పేరు చెప్పాను. ఆవిడ లోపల్నుంచి పటం రెండు చేతులతో తెచ్చి బల్లకి ఆనించి పెట్టింది.

పటానికి గంధపు చెక్క దండ వేసి ఉంది. అద్దం మీద నుదుటి దగ్గర కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

ఆయన మర్యాద అంతా ఎందుకో అప్పుడర్థమైంది. దేవుడి పటం కాకుండా, పెళ్ళి జంట కాకుండా, వయసు మళ్ళిన ఒక్క మనిషిది ఇంత పెద్ద ఫోటో ఎవరు కట్టిస్తారు? ఎందుకు కట్టిస్తారు? దండ వెయ్యాలా అని అడగడం కూడా ఆయనకి మొరటుగా తోచి ఉంటుంది.

కడిగి పారేద్దామని నోరు తెరిచాను. ఈలోగా అండాలమ్మ పటం వంకా నా వంకా చూసింది. "మీ అక్కనా అమ్మా? మీ పోలికనే. గని ఆమెది నవ్వుమొకం" అంది. కొంగుతో అద్దం మూల తుడిచి, పటానికి రెండు చేతులూ జోడించింది. ఊరికే కాదు, కళ్ళు మూసుకుని మరీ.

నన్నెరగని మనిషి నా కోసం కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. పిలిచినా ఎవరొస్తారో తెలియని నా చావుకి, పిలవకుండానే ఒకావిడ వచ్చినట్టుంది. కోపం ఎటు పోయిందో తెలియదు. బల్ల పట్టుకున్నాను.

అండాలమ్మ గబగబా స్టూలు జరిపి కూర్చోబెట్టింది. చెంబుతో నీళ్ళిచ్చింది. "ఏడుపొస్తే ఏడ్వమ్మా, ఆపుకోకు. మాకు కొత్త గాదు. ఈడికొచ్చినోళ్ళు చానమంది ఏడుస్తరు" అని వీపు మీద చెయ్యి వేసింది. ఆషాఢంలో కృష్ణకుమారి పోయిన దగ్గర్నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. కృష్ణకుమారి కోసం ఏడ్చానో, నా కోసం ఏడ్చానో చెప్పలేను. వీపు మీద ఆ చెయ్యి ఉన్నంతసేపూ ఏడ్చాను.

"పిల్లలున్నరా ఆమెకు?"

"లేరు."

"పెనిమిటి?"

"లేడు."

"అయ్యో తల్లీ" అంది అండాలమ్మ. పటం వంక మళ్ళీ చూసి, మెల్లగా అడిగింది. "మరి ఆమెకు దగ్గర ఎవరున్నరమ్మా?"

నిజం చెప్పెయ్యొచ్చు. ఆ ఫోటోలో ఉన్నది నేనేనమ్మా, దండ తీసెయ్యమని చెబితే ఆవిడ నాలుక్కరుచుకుని లెంపలు వేసుకునేది. ఇద్దరం నవ్వేవాళ్ళమేమో కూడా. కానీ ఆ నవ్వుమొహం వంక చూస్తూ ఆ మాట అనలేకపోయాను.

"నేనున్నాను" అన్నాను. "నేనొక్కదాన్నే."

"ఒక్కలన్న ఉన్నరు గద. గంతే చాలమ్మా" అంది అండాలమ్మ, పక్కకి ఒరిగిన దండ సరిచేసి, పటం నా ఒళ్ళో పెడుతూ.